తూకం దొరసాని తిట్లు

ఆమె నా బిడ్డను తిట్టలేదు.

తక్కెడ కొక్కేనికి వేలాడుతున్న గుడ్డ ఊయలలోంచి మా చిట్టిని రెండు చేతులతో పైకి తీసింది. ముల్లు ఆగిన చోటు ఒకసారి చూసింది, మళ్ళీ చూసింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని, పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళ మధ్య మెల్లగా పట్టి వదిలింది. ఆ మడత వెంటనే పోలేదు. కాసేపు అలాగే నిలిచింది. అప్పుడామె చిట్టి చెంపకు తన వేలి వెనుక వైపు ఆనించి, "చక్కని పిల్ల. బంగారు పిల్ల" అంది, చాలా మెత్తగా.

నేను మా అరుగు స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

అంతవరకూ నాకు భయం వేయలేదంటే మావాళ్ళెవరూ నమ్మరు. పిల్లలు తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం నాకు. "నువ్వు బి.ఏ. చదివింది భయంలోనా?" అని మా ఆయన వేళాకోళం చేస్తుంటారు. అలాంటి నేను ఆ రోజు నిబ్బరంగానే ఉన్నాను. చిట్టికి ముందు రోజు నుంచి విరేచనాలవుతున్నా, పళ్ళు వచ్చేటప్పుడు అది మామూలేనన్నారు మా అత్తగారు. పొద్దున్నుంచి ఏడుపు మానేసి కళ్ళు మూసుకుని పడుకుంది కనుక నెమ్మదించిందనుకున్నాను. ఆ రెండు తియ్యని మాటలు చెవిన పడ్డాకే అది నెమ్మది కాదని తెలిసింది.

బిడ్డను పొగిడితే తల్లి గుండె ఎందుకు జారాలి? అది తెలియాలంటే ఆ దొరసాని సంగతి చెప్పాలి.

ఇవాళ సాయంత్రం ఆమె గుర్తుకు రావడానికి కారణం ఒక అబ్బాయి. ఈ అరవ పట్నంలో, పురసవాక్కంలో, మా తెలుగువాళ్ళ వీధి చివరనున్న శిశు సంక్షేమ కేంద్రానికి ఏటా ఒక జట్టు విదేశీ విద్యార్థులు తర్ఫీదు కోసం వస్తారు. కొందరు వైద్యం చదివేవాళ్ళు, కొందరు నర్సు చదువువాళ్ళు. పొద్దున పూట ఆసుపత్రిలో పని నేర్చుకుని, మధ్యాహ్నాలు మా వీధుల్లో తల్లులనూ పిల్లలనూ చూస్తారు. ఈ ఏటి జట్టులోని పొడుగాటి అబ్బాయొకడు పూలమ్మే గంగ కొడుకును ఎత్తుకుని, "ఎంత అందంగా ఉన్నాడు! ఎంత బొద్దుగా ఉన్నాడు!" అని ఇంగ్లీషులో పెద్ద గొంతుతో మురిసిపోయాడు. గంగకు ఇంగ్లీషు రాకపోయినా మురిపెం అర్థమైంది. మొహం మాడ్చుకుని బిడ్డను లాక్కున్నంత పని చేసింది. వెనకనున్న ఆడవాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

"ఈ అబ్బాయిని మన అవ్వ కాడికి తోలాల. నాలుగు తిట్లు నేర్చుకుంటే గానీ మన వీధికి పనికిరాడు" అంది ఒకావిడ.

అవ్వంటే మా అత్తగారు. వీధికంతటికీ ఆవిడే అవ్వ. నేను ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే ఆవిడ వక్కాకు నమలడం ఆపి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, "ఆ కోతిమొగంది ఇప్పుడు ఏడ ఉండాదో ఏమో" అన్నారు.

పిల్లలు పడుకున్నారు. ముగ్గురి ఊపిరీ ఒకసారి చూసి వచ్చి ఇది రాస్తున్నాను.

ఆమె కొన్నేళ్ళ కిందట ఇలాంటి జట్టుతోనే నార్వే దేశం నుంచి వచ్చింది. పేరుండేది గాని దాన్ని పలకబోయి మా వీధి మొత్తం ఓడిపోయింది. భుజాన తక్కెడ తగిలించుకుని, చంకలో గుడ్డ ఊయల చుట్ట పెట్టుకుని తిరిగేది కనుక తూకం దొరసాని అన్నారు. మనిషి సన్నం, అంగలు పెద్దవి. మా వీధి ఎండకు ఆమె ముక్కు ఎప్పుడూ చర్మం లేచిపోయి ఎర్రగా ఉండేది. కూరల బండివాడు ఎదురుపడినప్పుడల్లా, "దొరసానీ, నీ తక్కెడ ఒక పూట ఇయ్యమ్మా, నాది దొంగతూకం అంటా ఉండారు అందరూ" అనేవాడు. అతనేమన్నాడో తెలియకుండానే ఆమె నవ్వుతూ తల ఊపేది.

ఆమెకొక వింత అలవాటుండేది. అవునని చెప్పవలసి వచ్చినప్పుడు ఊపిరి బయటికి వదలకుండా లోపలికి పీలుస్తూ "యా" అనేది. పాము కనబడితే మనం చేస్తామే, అచ్చం ఆ శబ్దం. వాళ్ళ దేశంలో అందరూ అలాగే అంటారట. అది తెలిసేవరకూ నా పాట్లు దేవుడికెరుక. "చిట్టి బాగానే ఉందా?" అని అడుగుతాను. ఆమె చిట్టి ఛాతీ మీద చెవి పెట్టి విని, ఒక్కసారి ఊపిరి లోపలికి లాగి "యా" అంటుంది. నా పై ప్రాణం పైనే పోయేది. తెలిశాక కూడా ఉలికిపాటు పోలేదు.

మొదటి రోజు ఆమె మా వీధిలో చేసిన పని చెబితే ఇప్పటికీ నవ్వుతారు. కేంద్రం వాకిట్లో దూలానికి తక్కెడ కట్టి, బట్టల కొట్టువాళ్ళ బొద్దు పిల్లవాణ్ణి ఊయలలో వేసి, ముల్లు చూసి, ఎన్ని పౌన్ల బరువో గట్టిగా అరిచి చెప్పింది. అంతటితో ఊరుకోక, వచ్చేముందు ఎవరి దగ్గరో నేర్చుకున్న మాటలన్నీ ఒకేసారి వాడేసింది. "లావు! బాగా లావు! చాలా అందం!"

పిల్లవాడి తల్లి కొంగుతో వాడి ఒళ్ళంతా కప్పేసింది. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. అటుగా వచ్చిన మా అత్తగారు అక్కడే నిలబడి, "బిడ్డేమన్నా చింతపండా, వాకిట్లో యాలాడేసి తూకం వేసేదానికి? పైగా టముకొకటి!" అన్నారు.

మర్నాడు ఒక్క తల్లీ రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు. ఖాళీ ఊయల గాలికి ఊగుతుంటే ఆమె దాని పక్కన కూర్చుని ఉండేది. వీధిలో ఇంగ్లీషు వచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే కనుక చివరికి మా ఇంటికి వచ్చింది.

"నేనేం తప్పు చేశాను? మా ఊళ్ళో బిడ్డ బరువు పెరిగిందని చెబితే తల్లి నాకు కాఫీ ఇస్తుంది" అంది.

దిష్టి గురించి చెప్పాను. బిడ్డ బాగుందని పైకి అనకూడదనీ, అంటే కళ్ళు పడతాయనీ, అందులోనూ తూకం వేసి మరీ చెబితే ఇక అంతేననీ చెప్పాను. ఆమె నవ్వలేదు. శ్రద్ధగా విని, "మీరు నమ్ముతారా?" అంది.

"నేను కాలేజీలో చదివాను" అన్నాను.

ఆమె నా ఒళ్ళో ఉన్న చిట్టి అరికాలు వైపు చూసింది. అక్కడ నేను పొద్దున పెట్టిన కాటుక చుక్క, రూపాయి కాసంత. ఊపిరి లోపలికి లాగి "యా" అంది. ఇద్దరం నవ్వేశాం.

"అయితే బిడ్డ బాగుంటే ఏమనాలి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి వంటింట్లో ఉంది. తీసుకెళ్ళి మా అత్తగారి ముందు కూర్చోబెట్టాను.

ఆ పాఠం నేను బతికినన్నాళ్ళూ మరచిపోను. అత్తగారు పీట మీద, దొరసాని నేల మీద.

"కోతిమొగం. అను."

"కోతి మోగమ్."

"మొగం చిట్లించు. నవ్వతా తిడితే అది తిట్టా? సరసమాడినట్టుంటాది."

ఆమె మొహం చిట్లించింది. పుల్ల మామిడికాయ కొరికినట్టు వచ్చింది.

"ఆమా, అట్లా! ఇప్పుడు చట్టిమొగం. ఎలకపిల్ల. దొంగ గాడిద. ఛీ అని ముందు అనల్ల, మరిచిపోతా ఉండావు."

"ఛీ! దోంగ గాడిదా!"

"పరవాలేదే, నాలిక తిరగతా ఉండాది" అని అత్తగారు మెచ్చుకోబోయి, దిష్టి తగులుతుందనుకున్నారో ఏమో, "మొద్దుదానా" అని పూర్తి చేశారు. పోయేముందు ఆమె తెల్లటి చెంప మీద కాటుక చుక్క కూడా పెట్టారు. "ఇంత తెల్లగా ఉండాది పాపం, ఎన్ని కళ్ళు పడతాయో" అన్నారు. ఆ చుక్కతోనే ఆసుపత్రికి వెళ్ళి ఆమె పెద్ద నర్సు చేత చీవాట్లు తిన్నదట. ఆ చీవాట్లను దీవెన అనుకుని ఆమె తబ్బిబ్బయిందని తోటి విద్యార్థిని నాతో చెప్పింది.

తరవాతి వారం బట్టల కొట్టువాళ్ళ పిల్లవాణ్ణి నేనే బతిమాలి తల్లితో సహా తీసుకెళ్ళాను. దొరసాని వాణ్ణి ఊయలలో వేసింది. ముల్లు చూసి, బరువెంతో తల్లి చెవిలో గుసగుసగా చెప్పింది. ఆ తరవాత వెనక్కి జరిగి, మొహం మామిడికాయ చేసుకుని, వీధి దద్దరిల్లేలా "ఛీ! కోతిమొగం! దొంగ గాడిదా!" అంది.

తల్లి మొహం చేటంత అయింది.

ఇక మా వీధిని ఆపేవాళ్ళు లేరు. సాయంత్రం కుళాయి దగ్గర ఇవే కబుర్లు.

"నీ కొడుకునేమనింది?"

"ఎలకపిల్ల అనింది."

"అంతేనా! నా వాణ్ణి చట్టిమొగం, దొంగ గాడిద, రెండూ అనింది."

ఒకే తిట్టు వచ్చిన తల్లి ఆ వారమంతా బిడ్డకు రాగిజావ ఇంకో గిన్నె ఎక్కువ తాగించేది, వచ్చే వారం రెండు తిట్లకు. పాలపొడి ఎలా కలపాలో, నీళ్ళు ఎందుకు కాచాలో ఏళ్ళ తరబడి గోడ మీద బొమ్మలు అంటించి చెప్పినా వినని వీధి, ఆమె తిట్లకోసం అన్నీ వింది.

తిట్టు బాగా వంటబట్టాక ఒక చిక్కు వచ్చింది. మంచిదాన్నల్లా తిట్టాలని ఆమె అనుకుంది. ఒకరోజు మా ఇంట్లో దోసె తిని, కళ్ళు మూసుకుని ఆస్వాదించి, హఠాత్తుగా మొహం చిట్లించి, "ఛీ! పాడు దోసె! గాడిద దోసె!" అంది.

అత్తగారి చేతిలో అట్లకాడ గాలిలోనే ఆగిపోయింది. "ఏమే కోడలా, ఏమంటా ఉండాది ఇది?"

నవ్వలేక చచ్చి విషయం చెప్పాను.

"దోసెకు దిష్టి లేదు లేవే పిచ్చిదానా. సుమ్మా, ఊరికే తిను. ఇంకోటి వేస్తా."

"యా" అంది దొరసాని ఊపిరి పీలుస్తూ.

ఆమెకు చేతకానిది ఒక్కటే. నీరసించిన బిడ్డ చేతికొస్తే తిట్టు నోటికి వచ్చేది కాదు. మొహం చిట్లించబోయేది, అది తేలిపోయేది. గొంతు మెత్తబడేది. "మంచి బిడ్డ" అని నిమిరి, తల్లితో నిదానంగా మాట్లాడి, మర్నాడు తానే ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చేది. ఎవరూ చెప్పకుండానే వీధికి ఇది తెలిసిపోయింది. దొరసాని తిడితే బిడ్డకు ఢోకా లేదు. తిట్టకపోతే చూసుకోవాలి.

తర్ఫీదు పూర్తయి ఆమె ఓడెక్కడానికి వెళ్ళే రోజు వీధి వీధంతా మా వాకిట్లోనే ఉంది. మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తీసి ఆమెకు దిష్టి తిప్పి, రెండు చేతుల మెటికలూ విరిచి, "పోవే పిశాచీ! మళ్ళా ఈ వీధి పక్క వచ్చినావంటే చూడు! నీ మొగం ఎవరికి కావల్ల!" అన్నారు. అంటూ అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దొరసాని కూడా అంది: "ఛీ. చట్టిమొగం అవ్వా." మొహం చిట్లించడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

ఇక ఆ రోజు సంగతి.

ఆమె "చక్కని పిల్ల" అన్నప్పుడు మా అత్తగారు అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. చేట చప్పుడు ఆగిపోయింది.

"ఏమే," అన్నారు నా వైపు తిరిగి. "తిట్టలేదేమే ఆ పిల్ల?"

ఈలోగా దొరసాని ఇంగ్లీషులో నన్ను అడుగుతోంది. "పొద్దున్నుంచి మూత్రం పోసిందా? గుడ్డ తడిసిందా?" ఎంత తల్చుకున్నా తడిసినట్టు గుర్తు రాలేదు. చిట్టి కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. పెదవులు ఎండి ఉన్నాయి. పొద్దున్నుంచి నేను వాటినే చూస్తున్నాను. ఆమె పక్కన నిలబడి చూస్తే అవి వేరే బిడ్డవిలా కనబడ్డాయి.

"ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రేపు కాదు" అంది.

నా భయం ఇప్పుడు అత్తగారి మీదికి మళ్ళింది. ఆసుపత్రి పేరెత్తితే ఆవిడ చెవులు మూసుకునేవారు. మా పెద్దపిల్లలు గోపీ, సరోజ ఇద్దరూ ఇంట్లోనే పుట్టారు. ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా కషాయమే. ఆవిడను ఒప్పించడానికి ఎంతసేపు పడుతుందో, చిట్టికి అంత వ్యవధి ఉందో లేదో అని నోరు తెరిచేలోగా ఆవిడ నా పక్కన లేరు. వీధి మధ్యలో, రెండు చేతులూ చాచి, వస్తున్న జట్కాకు అడ్డంగా నిలబడి ఉన్నారు.

జట్కాలో ఒక పెద్దమనిషి బట్టల మూటలతో కూర్చుని ఉన్నాడు.

"దిగు నాయనా, దిగు. నీ మూటలకేమీ జొరం రాలేదు."

"ఎక్కడికమ్మా?" అన్నాడు జట్కావాడు.

"ఆస్పత్రికి. దొరసాని తిట్టలేదు రా మా బిడ్డను!"

ఆ ఒక్క మాటకు వీధిలో ఎవరికీ ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. బట్టల కొట్టావిడ పరుగున వచ్చి మూటలు దింపింది. నేను ఎక్కాను. దొరసాని చిట్టిని ఎత్తుకుని నా పక్కన కూర్చుంది. అత్తగారు జట్కా చట్రం పట్టుకుని ఆమెతో అన్నారు.

"ఇదిగో, విను. నువ్వు తిట్టేదాకా నా బిడ్డను ఇంటికి తేవద్దు."

ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. తల ఊపింది.

దారిపొడుగునా ఆమె తన సీసాలోని కాచిన నీళ్ళు చెంచాతో చిట్టి పెదవుల మధ్య చుక్కచుక్కగా వేస్తూనే ఉంది. సగం బయటికి వచ్చేది, మళ్ళీ వేసేది. విరేచనాలకు నీళ్ళు పట్టకూడదని మా ఇంట్లో ఆనవాయితీ. "నీళ్ళు పోయొచ్చా?" అన్నాను. "పోయినవి నీళ్ళే కదా" అంది. ఒక కుదుపుకు చెంచా కిందపడితే తన అరచేతిలో పోసి వేలితో తాగించింది.

ఉండబట్టలేక అడిగాను. "బతుకుతుందా?"

ఆమె చిట్టి మణికట్టు పట్టుకుని చూసింది. తరవాత నా కళ్ళలోకి చూసి, ఊపిరి లోపలికి లాగి, "యా" అంది.

అన్నాళ్ళూ ఉలిక్కిపడ్డ ఆ శబ్దాన్నే పట్టుకుని మిగతా దారంతా కూర్చున్నాను.

ఆ రాత్రి గురించి రాయడానికి ఏమీ లేదు. ఒక గాజు సీసా, అందులోంచి జారే చుక్కలు. సూది గుచ్చే పని పెద్ద నర్సుది. విద్యార్థిని కనుక దొరసాని చేయాల్సింది బిడ్డ చేయి కదలకుండా పట్టుకోవడం. పట్టుకుంది. డ్యూటీ అయిపోయినా పట్టుకునే ఉంది. మా ఆయన వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. ఆ రోజు ఆయన వేళాకోళం చేయలేదు.

తెల్లవారి, కిటికీలోంచి వెలుగు మంచం మీద పడేసరికి చిట్టి కళ్ళు తెరిచింది. దొరసాని దాన్ని ఒళ్ళోకి తీసుకుని పొట్ట మీది చర్మాన్ని వేళ్ళతో పట్టి వదిలింది. మడత చటుక్కున పోయింది. చిట్టి చేయి చాచి ఆమె తెల్లటోపీ లాగి కింద పడేసింది. అదే ఊపులో ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లటి ఏప్రను మీద ధారగా మూత్రం పోసింది.

దొరసాని కదల్లేదు. ఏప్రను మీద పారుతున్న ఆ తడిని చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తోందో దానికోసం. ఆమె కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళతోనే మొహం పుల్ల మామిడికాయలా చిట్లించింది.

"ఛీ! కోతిమొగం! చట్టిమొగం! ఎలకపిల్ల! దొంగ గాడిదా!"

వార్డులో పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. పెద్ద నర్సు కళ్ళెర్రజేస్తూ వచ్చింది. ఎదురు మంచం మీది తల్లికి తెలుగు వచ్చు కాబోలు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన నా భుజం పట్టుకుని నవ్వుతున్నారు, నేను ఏడుస్తున్నాను, చిట్టి ఆ మొహం చూసి బోసినోటితో కిలకిలా నవ్వింది. బోసినోరంటే పూర్తిగా కాదు. కింద ఒక పన్ను నిజంగానే వస్తోంది.

ఆయన్ని అక్కడుంచి, పెద్దపిల్లలను చూసుకోవడానికి ఇంటికి వచ్చాను. గోపీ, సరోజ మా అత్తగారికి చెరో పక్కా అరుగు మీద కూర్చుని ఉన్నారు. బియ్యం చేట నిన్న పెట్టిన చోటే ఉంది. నేను జట్కా దిగగానే అత్తగారు లేవబోయి, నా చేతులు ఖాళీగా ఉండటం చూసి, లేవలేక ఆగిపోయారు.

"చెల్లి ఏదమ్మా?" అన్నాడు గోపీ.

"ఆస్పత్రిలో ఉండాది. దొరసానక్క తిట్టిందిరా దాన్ని" అన్నాను.

అత్తగారు కళ్ళు మూసుకున్నారు. సరోజ మాత్రం తేల్చుకోవాలన్నట్టు నా కొంగు పట్టుకుని, "కోతిమొగం అనిందా?" అని అడిగింది.

"అనింది. చట్టిమొగం అనింది, దొంగ గాడిద అనింది, వార్డంతా వినబడేటట్టు అనింది. ఇంకా తిడతానే ఉంటాది. రండి, మీరూ వచ్చి విందురు."